కొల్లేటి కాంటూరు రేఖలు: భూవినియోగ చట్టాలు, పరిరక్షణ, సంప్రదాయ హక్కులు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంవలె పరచుకొని ఉన్న కొల్లేరు సరస్సును గురించి గడచిన పాతికేళ్లుగా జరుగుతున్న చర్చ అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది. అభయారణ్యపు హద్దు ఐదవ కాంటూరు వద్దనే ఉండవలెనా, మూడవ కాంటూరుకు కుదించవలెనా అన్నదే ఆ ప్రశ్న. ఎన్నికల సభలలోను, న్యాయస్థానాలలోను, శాసనసభలోను, చివరకు గ్రామాల రచ్చబండలపైన కూడా ఇదే మాట. వ్యవసాయ విద్యార్థులకు భూవినియోగ చట్టాలను బోధించేటప్పుడు కొల్లేటిని ఉదాహరణగా తీసుకొనడం పరిపాటి. అక్కడ కూడా పాఠం సాధారణంగా ఈ గీత వద్దనే ఆగిపోతున్నది.

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు వెనుక ఉన్న ప్రశ్నను పరిశీలిస్తుంది. నీరు ఏటా పెరిగి తరిగే చోట ఒక ఎత్తును హద్దుగా నిర్ణయించడం జరిగినది. ఆ హద్దు లోపల ఎవరికి, ఏ ఋతువులో, ఏ వినియోగం హక్కుగా ఉన్నదో మాత్రం సమగ్రంగా నమోదు కాలేదు. అభివృద్ధికి, పరిరక్షణకు, స్థానికుల హక్కులకు మధ్య ఘర్షణగా నేడు మనకు కనిపిస్తున్నది చాలవరకు ఈ నమోదు లోపం నుండి పుట్టినదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నేల, నీరు, ఋతువు

తాడేపల్లిగూడెం నుండి ఏలూరు వరకు జాతీయ రహదారి, రైలు మార్గం ఇంచుమించుగా మెట్ట, డెల్టా కలిసే అంచు వెంబడి సాగుతాయి. ఉత్తరాన ఎర్ర నేలలు, జీడిమామిడి, ఆయిల్‌పామ్ తోటలు ఉంటే దక్షిణాన బరువైన నల్లరేగడి, వరి మళ్లు, ఆ తరువాత చేపల చెరువులు కనిపిస్తాయి. పుల్ల, భీమడోలు దాటి దక్షిణానికి దిగిన కొద్దీ నేల వాలు కంటికి ఆనదు. అది నీటికి మాత్రమే తెలుస్తుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరులతో పాటు రెండు డెల్టాల నుండి వచ్చే అనేక మురుగు కాలువలు చేరేది కొల్లేటికే. ఆ నీరు వెలుపలికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి అది సముద్రాన్ని చేరుతుంది. సముద్రపు పోటు వేళలలో ఆ ఒక్క దారిలో కూడా ప్రవాహం మందగిస్తుంది.

ఇటువంటి సరస్సులో నేలకు ఒకే వినియోగం అంటూ ఉండదు. ఆషాఢం నుండి కార్తికం వరకు నీరు నిండి ఉన్నప్పుడు అది వేట స్థలం. నీరు వెనుకకు తగ్గిన తరువాత ఒండ్రు పట్టిన అదే నేలలో దాళ్వా వరి నాటుతారు. పంట కోసిన పిమ్మట ఎండాకాలమంతా అది గేదెలకు మేత బీడు, సంచారం చేసే బాతుల మందలకు తిండి. గుంటలలో మిగిలిన నీటిలో కొరమేనును పట్టేవారు పట్టుకుంటారు. ఒకే ఎకరంలో ఏడాదికి మూడు నాలుగు వినియోగాలు, వాటికి వేర్వేరు వినియోగదారులు. వేటగాడికి, దాళ్వా రైతుకు, పశువుల కాపరికి ఆ ఎకరంతో సంబంధం ఉన్నది. కాని రెవిన్యూ రికార్డులో యజమాని గడి ఒక్కటే ఉంటుంది.

ఇక ఎత్తుల సంగతి. సముద్ర మట్టానికి మూడు అడుగుల ఎత్తు వరకు లెక్కించినచో సరస్సు వైశాల్యం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఐదు అడుగుల వరకు 308, పది అడుగుల వరకు 901 చదరపు కిలోమీటర్లు. ఈ అంకెలను ప్రతి వ్యాసంలోను ఉటంకిస్తారు. వాటిలో దాగి ఉన్న ఒక చిన్న లెక్కను మాత్రం అరుదుగా వేస్తారు. మూడవ కాంటూరుకు, ఐదవ కాంటూరుకు మధ్య ఎత్తు తేడా 24 అంగుళాలు. వైశాల్యపు తేడా 173 చదరపు కిలోమీటర్లు. అంటే సగటున ఒక్కొక్క అంగుళానికి 7.2 చదరపు కిలోమీటర్లు, సుమారు 1,780 ఎకరాలు. సర్వేలో ఒక అంగుళం పొరపాటు జరిగితే ఒక గ్రామపు ఆయకట్టు అంతా అభయారణ్యం లోపలికో వెలుపలికో జరిగిపోతుంది. వరిచేను గట్టు ఎత్తు కూడా ఒక అంగుళం కంటే చాలా ఎక్కువ. పూడిక చేరినా, ట్రాక్టరుతో మడి చదును చేసినా, రోడ్డు వేసినా కాంటూరు మారుతుంది. ఇంత సమతలమైన భూమిపై ఎత్తును హద్దుగా తీసుకొనుట శాస్త్రీయంగా కనిపించినప్పటికీ, క్షేత్రంలో రాళ్లు పాతి సర్వే నంబరు వారీగా చూపనంత వరకు ఆ హద్దు వివాదాలకు తావిస్తూనే ఉంటుంది.

మరొక లెక్క. 308 చదరపు కిలోమీటర్ల మీద ఒక అడుగు నీరు నిలిచినచో అది సుమారు 3.3 టి.ఎం.సి.లు. డెల్టా రైతు కొల్లేటిని పక్షుల సరస్సుగా మాత్రమే చూడరాదనడానికి ఈ ఒక్క అంకె చాలు. ఎగువన కుంభవృష్టి కురిసి బుడమేరు, తమ్మిలేరు పొంగినపుడు ఆ నీటిని కొన్నాళ్లు పట్టి ఉంచి, ఉప్పుటేరు మోయగలిగినంత మేరకు వదిలే జలాశయం అది. దాని గర్భంలో వంద చదరపు కిలోమీటర్ల మేర ఎత్తైన గట్లు వేసి చెరువులు కట్టినచో, ప్రతి అడుగుకు ఒక టి.ఎం.సి.కి పైగా నీరు మరొక చోటు వెతుక్కుంటుంది. ఆ చోటు సాధారణంగా అంచు గ్రామాల సార్వా వరి.

పట్టా, సంఘం, గట్టు

కొల్లేటి గ్రామాలను రెవిన్యూ వ్యవహారంలో బెడ్ గ్రామాలు, బెల్టు గ్రామాలు అని రెండు విధాలుగా చెబుతారు. సరస్సు గర్భంలోని లంక గ్రామాలు 46, అంచున ఉన్నవి 76 అని లెక్క. లంకలలో ఎక్కువ మంది వడ్డి కులస్థులు. చేపల వేట వారి కులవృత్తి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ వారి జాతరకు ఏటా ఫాల్గుణ మాసంలో ఈ గ్రామాలన్నీ కదలి వస్తాయి. వలలు, మావులు, తాటిదోనెలు వారి పనిముట్లు. షెడ్యూల్డు కులాలకు చెందిన వ్యవసాయ కూలీ కుటుంబాలు కూడా గణనీయంగానే ఉన్నవి. కొల్లేటి హక్కుల చర్చలో వారి ప్రస్తావన తరచుగా జారిపోతుంటుంది.

ఇక్కడి భూమి చట్టం దృష్టిలో మూడు రకాలు. పూర్వం నుండి యాజమాన్య హక్కు ఉన్న జిరాయితీ, భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి-ఫారం పట్టా, మిగిలిన ప్రభుత్వ భూమి. డి-ఫారం భూమిని అమ్ముటను, కౌలుకు ఇచ్చుటను 1977 నాటి అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం నిరోధించినది. నీరు ఉన్నప్పుడు వేటాడుకునే అలవాటు, బీడుగా ఉన్నప్పుడు మేపుకునే అలవాటు ఈ మూడు రకాలలో దేనిలోను ఇమడవు. అవి ఊరి కట్టుబాటులో ఉన్నవి గాని అడంగలులో లేవు.

1964 నాటి వరదల అనంతరం మిత్రా సంఘం డెల్టా మురుగుపారుదల సమస్యను అధ్యయనం చేసినది. అప్పటి వరకు ప్రభుత్వం దృష్టిలో కొల్లేరు ప్రధానంగా మురుగు నీటి సమస్య. 1970వ దశకపు మధ్యలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, ఈ దృష్టి మారినది. మత్స్యకారుల సహకార సంఘాలను, బలహీన వర్గాల సంఘాలను ఏర్పరచి సరస్సు గర్భంలో చేపల చెరువులు తవ్వించడం ఆరంభమైనది. ఉద్దేశం మంచిదే. వేటపై, వర్షంపై ఆధారపడిన కుటుంబానికి స్థిరమైన ఆదాయం చూపుటయే దాని లక్ష్యం. కాని చేపల సాగుకు గట్లు, పిల్ల, మేత, పంపుసెట్లు కావాలి. వాటికి పెట్టుబడి కావాలి. సంఘాల వద్ద లేని పెట్టుబడి బయటి నుండి వచ్చినది. బొచ్చె, శీలావతి సాగు లాభసాటి అని తేలిన తరువాత చెరువు పేరుకు సంఘానిదిగాను, లెక్కలకు లీజుదారునిదిగాను మారినది. సభ్యునికి దక్కినది కౌలులో వాటా, గట్టు మీద కూలి. తాడేపల్లిగూడెం పరిసరాల బియ్యపు మిల్లుల తవుడు, నూనె తీసిన తవుడు చేపల మేతగా దక్షిణానికి లారీలలో తరలే వ్యాపారం పెరిగినది. ఇది ఒక ప్రాంతపు ఆర్థికాభివృద్ధి అనుటలో సందేహం లేదు. ఆ అభివృద్ధికి కావలసిన భూమి సంప్రదాయ వినియోగదారుల పేరు మీద వచ్చినదని, వారి వినియోగం మాత్రం గట్టు వేసిన రోజుననే ఆగిపోయినదని కూడా చెప్పవలసి ఉన్నది.

చెరువుల విస్తరణ ఎంత వేగంగా జరిగినదో ఉపగ్రహ చిత్రాలు చూపినవి. 2001 నాటి చిత్రాల ఆధారంగా ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించిన 245 చదరపు కిలోమీటర్ల సరస్సు ప్రాంతంలో సుమారు 42 శాతం చేపల చెరువుల కిందనే ఉన్నట్లు తేలినది. చెరువుల సంఖ్య వెయ్యి దాటినది.

అభయారణ్యం: గీత ముందు, విచారణ వెనుక

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అభయారణ్య ప్రకటనకు ఒక క్రమం ఉన్నది. సెక్షన్ 18 కింద ఉద్దేశ ప్రకటన. 19 నుండి 24 వరకు కలెక్టరు విచారణ. 26-ఎ కింద తుది ప్రకటన. ఈ విచారణ దశయే చట్టానికి గుండెకాయ. సెక్షన్ 24 ప్రకారం ఒక హక్కు రుజువైనప్పుడు కలెక్టరు ముందు మూడు మార్గాలు ఉంటాయి. ఆ భూమిని హద్దు నుండి మినహాయించవచ్చు, పరిహారం చెల్లించి సేకరించవచ్చు, లేదా ముఖ్య వన్యప్రాణి సంరక్షకునితో సంప్రదించి ఆ హక్కును కొనసాగనీయవచ్చు. మూడవ మార్గం 1991 సవరణతో వచ్చినది. కొల్లేటివంటి చోట అన్నింటికంటే పనికివచ్చేది అదే.

కొల్లేటి విషయంలో 1995లో ఉద్దేశ ప్రకటన, 1999 అక్టోబరు 4న జి.ఓ. 120 ద్వారా తుది ప్రకటన వెలువడినవి. ఐదవ కాంటూరు వరకు 308.55 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైనది. సంప్రదాయ పద్ధతులలో చేపల వేటకు, వ్యవసాయానికి చోటు ఉంచి చేపల చెరువులను నిషేధించారు. హద్దు లోపల సుమారు 14,861 ఎకరాలు ప్రైవేటు భూమి ఉన్నది. అంటే అభయారణ్యంలో దాదాపు ఐదవ వంతు. ఆ భూమిని హద్దు నుండి తీసివేయలేదు. పరిహారం చెల్లించి మొత్తంగా సేకరించనూ లేదు. పట్టాదారు చేతిలో పట్టా ఉన్నది, మార్కెట్టులో దానికి విలువ లేదు. ఆ రైతు కుటుంబం చేపల చెరువుల యజమానులలో ఒకటి అని తేలికగా అనవచ్చు. కొందరి విషయంలో అది నిజం కూడా. కాని రెండు మూడెకరాల జిరాయితీ తప్ప మరేమీ లేనివారికి కూడా అదే నిబంధన వర్తించినది.

2006 తొలి నెలలలో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చెరువుల గట్లను యంత్రాలతోను, పేలుడు పదార్థాలతోను తెగగొట్టారు. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార సంఘం కొల్లేటిని పరిశీలించి సిఫారసులు చేయగా, 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు వాటి అమలుకు ఆదేశించినది. పర్యావరణ పరంగా ఈ చర్య అవసరమైనదేనని ఈ వ్యాసకర్త భావన. సరస్సు గర్భంలో ప్రైవేటు జలాశయాలు ఉండరాదు. అయితే గట్టు తెగిన మరునాడు లంక గ్రామపు కుటుంబం ఎక్కడ వేటాడవలెనో, ఏ సరిహద్దు వరకు దాళ్వా వేసుకోవచ్చునో తెలియజేసే పత్రం ఏదీ వారి చేతికి అందలేదు. ఉన్న వినియోగాన్ని తొలగించడానికి చట్టానికి కొన్ని వారాలు సరిపోయినవి. పాత వినియోగాన్ని పునరుద్ధరించే పని మాత్రం అంత వేగంగా ముందుకు రాలేదు. ఆ ఖాళీలోనే గట్లు మళ్లీ లేచినవి.

2008లో రాష్ట్ర శాసనసభ హద్దును మూడవ కాంటూరుకు కుదించవలెనని తీర్మానం చేసినది. ఇక్కడ ఒక చట్టపరమైన సూక్ష్మం ఉన్నది. మునుపు అభయారణ్యపు హద్దు మార్పునకు శాసనసభ తీర్మానం సరిపోయేది. 2002 సవరణ తరువాత సెక్షన్ 26-ఎ ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు తప్పనిసరి. దానికి తోడు అభయారణ్యాలను తన అనుమతి లేకుండా రద్దు చేయరాదని సుప్రీంకోర్టు 2000 నవంబరులోనే ఆదేశించి ఉన్నది. కనుక తీర్మానం ప్రజల ఆకాంక్షను ప్రకటించినది గాని హద్దును జరపలేకపోయినది. అనంతరం కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ నియమించిన అజీజ్ కమిటీ కూడా 2011లో కుదింపును సమర్థించలేదు. కుదించినచో అభయారణ్యంలో సగానికి పైగా, అంటే పైన లెక్కించిన 173 చదరపు కిలోమీటర్లు, బయటికి పోతుంది. ఎండాకాలంలో ఎండి వర్షాకాలంలో మునిగే ఆ పట్టీయే చేపలు గుడ్లు పెట్టే చోటు, వలస పక్షులు మేత వెతుక్కునే చోటు, వరద నీరు విస్తరించే చోటు. మూడవ కాంటూరు లోపల మిగిలేది నీటి గుంట, సరస్సు కాదు.

ఏజెన్సీ చట్టాలతో పోలిక

ఏలూరుకు ఉత్తరాన బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం వైపు పోయినచో భూమికి మరొక చట్టం వర్తిస్తుంది. షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలు, అందులోను జనం నోట '1/70' గా నిలిచిన సవరణ, అక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా నిరోధిస్తున్నవి. 1997 జూలైలో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ నిషేధాన్ని ప్రభుత్వం ఇచ్చే గనుల లీజులకు కూడా వర్తింపజేసినది. కోయ, కొండరెడ్డి కుటుంబాలకు చట్టం ఇచ్చిన రక్షణ వ్యక్తి గుర్తింపుపై ఆధారపడినది: నీవెవరవు అన్నది మొదటి ప్రశ్న. అమలులో ఎన్ని లొసుగులు ఉన్నా, పోలవరం ముంపు ఎంత భూమిని మింగినా, హక్కుదారుడు ఎవరన్న విషయంలో అక్కడ చట్టానికి స్పష్టత ఉన్నది.

కొల్లేటిలో చట్టం నేల ఎత్తును మాత్రమే అడిగినది. వడ్డి కులస్థులు షెడ్యూల్డు తెగ కారు. వెనుకబడిన తరగతుల జాబితాలోని వారు. కనుక ఏజెన్సీ చట్టాలు వారికి వర్తించవు. ఇంతవరకు అందరికీ తెలిసినదే. అయితే 2006 నాటి అటవీ హక్కుల చట్టాన్ని జాగ్రత్తగా చదివినచో ఒక ద్వారం కనిపిస్తుంది. ఆ చట్టం 'అటవీ భూమి'కి ఇచ్చిన నిర్వచనంలో అభయారణ్యాలు, జాతీయ పార్కులు స్పష్టంగా చేరి ఉన్నవి. సెక్షన్ 3లోని సామూహిక హక్కుల జాబితాలో చేపలు, ఇతర జలవనరుల ఉత్పత్తులు, మేత హక్కు పేర్కొనబడినవి. హక్కుదారులు షెడ్యూల్డు తెగలవారే కానక్కరలేదు. 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 సంవత్సరాలుగా, అక్కడ ప్రధానంగా నివసిస్తూ జీవనాధారానికి ఆ భూమిపై ఆధారపడిన ఇతర సంప్రదాయ అటవీ నివాసులు కూడా అర్హులే. కొల్లేటికోట, గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక వంటి లంక గ్రామాలు తమ నివాసపు పాతదనాన్ని చూపుటకు బ్రిటిషు కాలపు రెవిన్యూ రికార్డులను, వృద్ధుల వాంగ్మూలాలను వినియోగించవచ్చును. వృద్ధుల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా ఆ చట్టపు నియమావళి అంగీకరిస్తున్నది.

కొల్లేటి చర్చలలో ఈ నిర్వచనానికి దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదు. దీని వలన చేపల చెరువులకు అనుమతి రాదు, రాకూడదు కూడా. వచ్చేది సామూహిక వేట హక్కు, మేత హక్కు. వాటిని అమ్ముటకు గాని, బయటివారికి బదిలీ చేయుటకు గాని వీలులేదు. బినామీ లీజులకు 1970వ దశకపు సంఘాలు తెరిచిన దారిని ఈ చట్టం మూసివేస్తుంది. పెట్టుబడి ఉన్నవారికి ఆకర్షణ లేని, వేటగానికి మాత్రమే విలువైన హక్కు అది.

హద్దుకు వెలుపల

2002 ఆగస్టులో రామ్‌సార్ జాబితాలో చేరిన కొల్లేటి వైశాల్యం 90,100 హెక్టార్లు. అభయారణ్యం 30,855 హెక్టార్లు. మిగిలిన 59,000 హెక్టార్ల పైచిలుకు, అంటే ఐదవ కాంటూరుకు, పదవ కాంటూరుకు మధ్య ఉన్న భూమి, అంతర్జాతీయ ఒడంబడికలో చిత్తడి నేల. ఊళ్లో పట్టా భూమి. 2017 నాటి చిత్తడి నేలల నియమాలు వన్యప్రాణి చట్టం పరిధిలోని భాగాలను వదిలివేసినవి గాని, దాని వెలుపలి రామ్‌సార్ ప్రాంతానికి వర్తిస్తాయి. రామ్‌సార్ ఒడంబడిక కోరేది 'వివేకవంతమైన వినియోగం'. నిషేధం కాదు.

వ్యవసాయ శాస్త్రవేత్తల అసలు కార్యక్షేత్రం ఈ పట్టీయే. ఇక్కడ వరి నుండి చేపల చెరువునకు మార్పు ఎట్లా జరుగుతున్నదో ప్రతి విస్తరణాధికారికి తెలుసు. ఒక రైతు చెరువు తవ్వుతాడు. నీటి మట్టం చుట్టుపట్ల చేల కంటే ఎత్తులో నిలుస్తుంది. గట్టు నుండి ఊట దిగి పక్క మడిలో నీరు ఇంకదు; కోత సమయానికి నేల ఆరదు; యంత్రం దిగబడుతుంది. కొన్నేళ్లకు నల్లరేగడిలో చవుడు తేలుతుంది. పక్క రైతుకు అప్పుడు రెండే దారులు: తానూ చెరువు తవ్వుట, లేదా తవ్వేవారికి కౌలుకిచ్చుట. కాగితంపై అది స్వచ్ఛంద భూవినియోగ మార్పు. కౌలు రైతు, నాట్లు వేసే కూలీలు ఆ నిర్ణయంలో ఎక్కడా కనిపించరు. ఉప్పునీటి రొయ్యల చెరువుల విషయంలో 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు వ్యవసాయ భూములను, చిత్తడి నేలలను చెరువులుగా మార్చరాదని చెప్పినది. మంచినీటి చేపల సాగుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఊట ప్రభావాన్ని కొలిచి, పక్క రైతుల లిఖితపూర్వక అంగీకారం తీసుకొని, మురుగు కాలువకు ఎడం వదిలించుట అనే మూడు పనులు నిజాయితీగా జరిగినా చాలు, ఈ గొలుసు చాలవరకు తెగుతుంది.

పొరుగున చిలికా సరస్సు అనుభవం ఇక్కడ చెప్పదగినది. అక్కడ ఒడిశా ప్రభుత్వం 1991లో లీజు విధానాన్ని మార్చి వేటతో పాటు సాగును కూడా గుర్తించినది. సాగు అనే వర్గం ఏర్పడగానే మత్స్యకారులు కానివారు సరస్సులో ప్రవేశించుటకు దారి దొరికినది. ఏళ్లతరబడి ఘర్షణలు, 1999లో ప్రాణనష్టం కూడా జరిగినవి. మరొక వైపు, అదే చిలికాలో 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచి ఉప్పు, తీపి నీటి సమతను పునరుద్ధరించిన తరువాత వేట గణనీయంగా కోలుకొన్నది. కొల్లేటికి అటువంటి జలసాంకేతిక పని ఉప్పుటేరులో ఉన్నది. పూడిక తీసి, పోటు నీటిని అడ్డగించే నియంత్రణ కట్టడాలు అమర్చినచో ఎండాకాలపు నీటి మట్టం నిలుస్తుంది. హక్కు పత్రం ఎంత బలమైనదైనా నీరు లేని సరస్సులో వేట హక్కు చెల్లని నాణెమే.

'సంప్రదాయ వ్యవసాయం' అనగా ఏమి?

అభయారణ్యం లోపల సంప్రదాయ వ్యవసాయానికి అనుమతి ఉన్నదన్న మాట వినుటకు సులభమే. అది పొలంలో దిగగానే ప్రశ్నలు పుట్టుకొస్తాయి. దీర్ఘకాలం మునిగి ఉన్న ఈ నేలలలో దాళ్వా వరికి జింకు లోపం సర్వసాధారణం. జింకు సల్ఫేటు చల్లిన రైతు సంప్రదాయాన్ని దాటినట్లా? ఒక్క కోట యూరియా వేసినవాడు? సుడిదోమ ఉధృతికి పురుగు మందు కొట్టినవాడు? తొలి రెండు ప్రశ్నలకు, మూడవ ప్రశ్నకు సరస్సు ఇచ్చే జవాబు ఒకటి కాదు. జింకు మట్టిలోనే చాలవరకు నిలుస్తుంది. నత్రజని గుర్రపుడెక్కకు మేత అవుతుంది. కీటకనాశని నేరుగా చేప పిల్లను, దానిని తినే గూడబాతును చేరుతుంది. నిబంధన ఈ తేడాలను గుర్తించవలె. అటవీశాఖ సిబ్బంది దీనిని తేల్చలేరు. అది వారి విద్య కాదు. తేల్చవలసినది మన విశ్వవిద్యాలయాలు, పరిశోధనా స్థానాలు.

అందుకు తగిన సామగ్రి మన చేతిలోనే ఉన్నది. పుల్ల వ్యవసాయ పరిశోధనా స్థానం లోతట్టు ముంపు భూములకు పి.ఎల్.ఎ. 1100, రైతుల మాటలో బాడవ మహసూరి, అందించినది. మార్టేరు నుండి వచ్చిన స్వర్ణకు సబ్-1 జన్యువును చేర్చిన రకం కొన్ని రోజులు పూర్తిగా మునిగినా కోలుకుంటుంది. ఐదవ కాంటూరు పైన సార్వాలో ఇటువంటి రకాలు వేసినచో వరద మూడు నాలుగు రోజులు ఎక్కువ నిలిచినా రైతు గట్టు తెంపమని ఒత్తిడి చేయడు. ఐదవ కాంటూరు లోపల దాళ్వాకు స్వల్పకాలిక రకాలు, వెనుకకు తగ్గే నీటిని అనుసరించి పట్టీలుగా నాటే పద్ధతి, వలస పక్షులు ఎక్కువగా దిగే వారాలను తప్పించే నాట్ల తేదీలు పరిశోధనకు యోగ్యమైనవి. పంట, చేప, బాతు ఒకే మడిలో కలిసి ఉన్న పాత పద్ధతిలో పెట్టుబడి తక్కువ. దాని దిగుబడిని ఎకరానికి ఇన్ని బస్తాలని మాత్రమే లెక్కించే మన అలవాటు వలన అది ఎప్పుడూ ఓడిపోతున్నట్లు కనిపిస్తుంది. వేట, మేత, గడ్డి విలువలను కూడా చేర్చి లెక్కగట్టవలసి ఉన్నది.

హక్కుల విచారణకు కూడా వ్యవసాయ పరిజ్ఞానం అవసరం. ఒక సర్వే నంబరులో సాధారణ వర్షపాతపు ఏడాదిలో ఏ పక్షానికి ఎంత నీరు నిలుస్తుంది, ఏ వారంలో నాట్లు సాధ్యం, ఏ నెలలో మేత దొరుకుతుంది అన్న వివరాలు గ్రామం వారీగా సేకరించినచో, సెక్షన్ 24 కింద కలెక్టరు కొనసాగించదలచిన హక్కుకు కొలత దొరుకుతుంది; అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ చేసే అర్జీకి ఆధారం దొరుకుతుంది. విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ అనుభవం పేరిట ఒక పంట కాలమంతా పల్లెలలోనే గడుపుతున్నారు. బెడ్ గ్రామాలలో నీటి కొలబద్దలు పాతి పదిహేను రోజులకొకసారి మట్టం నమోదు చేయుట, ఆ రోజున ఆ నేలను ఎవరు ఏ పనికి వినియోగిస్తున్నారో పక్కనే వ్రాయుట వారికి కష్టమైన పని కాదు. రెండు మూడేళ్ల నమోదు ఉన్నచో జిరాయితీ రైతుల నష్టపరిహారాన్ని కూడా ఊహలపై గాక, వారు నిజంగా కోల్పోయిన పంట రోజుల ప్రాతిపదికన నిర్ణయించుటకు వీలు కలుగుతుంది. ఈ పనిని ఐదవ కాంటూరుకు ఇరువైపుల ఉన్న గ్రామాలలో, ముందుగా సర్వే రాళ్లపై వివాదం ఎక్కువగా ఉన్న చోట్ల, వచ్చే సార్వా నుండి ఆరంభించవచ్చును.